స్పార్టా పౌరుడు: 7వ ఏట శిక్షణ, 60 దాకా సైన్యం

ప్రాచీన గ్రీసు నగర రాజ్యమైన స్పార్టాలో మగపిల్లలు 7వ ఏట ఇల్లు విడిచి ‘అగోగే’ అనే ప్రభుత్వ శిక్షణలో చేరేవారు. 20 ఏళ్లకు సైనికులు. పెళ్లయినా 30 ఏళ్లు నిండేదాకా తోటి సైనికులతోనే నివాసం. 60 ఏళ్ల వరకు యుద్ధానికి సిద్ధంగా ఉండాల్సిందే. ఆ వయసు దాటిన 28 మంది పెద్దలు, ఇద్దరు రాజులు కలిసి ‘గెరూసియా’ సభ.

అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఉమ్మడి భోజనశాల ‘సిస్సిటియా’. తన వాటా ధాన్యం, ద్రాక్షసారా ఇవ్వలేని వ్యక్తి పూర్తి పౌర హక్కులే కోల్పోయేవాడు. ఆ ధాన్యం పండించింది మాత్రం హెలట్లు. వారి వెట్టిచాకిరీ లేనిదే ఈ సైనిక జీవితం ఒక్కరోజైనా సాగేది కాదు. చేతివృత్తులు, వ్యాపారం పూర్తి పౌర హక్కులు లేని స్వతంత్రులైన ‘పెరియోకోయి’లవి.

క్రీ.పూ. 480లో థర్మోపిలే వద్ద పర్షియన్లతో పోరాడి మరణించిన రాజు లియోనిడాస్. క్రీ.పూ. 371లో లూక్ట్రా యుద్ధంలో థీబ్స్ చేతిలో స్పార్టా ఓడింది.