గుండ్రటి అతుకులో 3.14

పసిపాపల పక్కలో వేసే బొంతను మీరు చూసే ఉంటారు. కృష్ణా జిల్లా గూడూరు వైపు పల్లెల్లో పాత నూలు చీరలు మడతపెట్టి, టాకాలు వేసి బొంతలు కుడతారు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పాప ఒంటికి హాయి. దగ్గరలోని పెడనలో అద్దిన కలంకారీ గుడ్డ ముక్కలు పైన అతికితే మరీ అందం. చతురస్రపు ముక్కలైతే సులువే. గుండ్రటి ముక్క అతకబోతేనే చిక్కు. ముడతలు పడతాయి, ఆ ముడత పాప వీపుకు ఒత్తుకుంటుంది. ఎందుకిలా?

10 సెం.మీ. వ్యాసార్ధం గల పావు వృత్తాన్ని, అదే వంపున కొరికినట్లున్న మరో ముక్కకు అతకాలనుకోండి. కటకాల పాఠంలో చదివారే, మొదటిది కుంభాకారం, రెండోది పుటాకారం. కుట్టు గీత రెండింటికీ ఒకటే, 15.7 సెం.మీ. కాని కుట్టు కోసం 1 సెం.మీ. అంచు వదలాలి గదా! అందుచేత మొదటి ముక్కను 11 సెం.మీ. వ్యాసార్ధంతో, రెండోదాన్ని 9 సెం.మీ.తో కత్తిరిస్తాం. వాటి వంపు అంచుల పొడవులు 17.27, 14.13 సెం.మీ. తేడా 3.14! వ్యాసార్ధం 20 సెం.మీ. తీసుకుని లెక్కవేయండి. అప్పుడూ తేడా అంతే. వంపు పెద్దదైతే ఆ తేడా ఎక్కువ పొడవున సర్దుకుంటుంది కనుక పని తేలిక.

పొట్టి అంచును పొడుగు అంచు వెంట పరచడానికే కత్తెర గాట్లు. పుటాకారపు అంచున 7 మి.మీ. లోతుగా తొమ్మిది గాట్లు పెట్టండి. గాటు కుట్టు గీతను తాకరాదు, తాకితే గుడ్డ చిరుగుతుంది. ఒక్కో గాటు సుమారు మూడున్నర మి.మీ. తెరుచుకుని లోటు తీరుస్తుంది.

ఇక కుట్టండి. రంగు వైపులు ఎదురెదురుగా, గాట్ల ముక్క పైకి వచ్చేలా పట్టుకోండి. ముందు వంపు నడిమధ్యన గుండుసూది గుచ్చాలి, తరువాత రెండు చివర్లు, ఆపైన మధ్యలో. నడిమికే ఇంత మర్యాద ఎందుకంటే, సూటి అంచులు పడుగు పేకల వెంట ఉన్నప్పుడు వంపు మధ్యభాగం ఏటవాలుగా పడుతుంది. అక్కడ లాగితే దారాల గళ్ళు జరిగి గుడ్డ సాగుతుంది. గుడ్డను లాగకుండా 2, 3 మి.మీ. టాకాలు వేస్తూ, నాలుగైదు టాకాలకోసారి వెనక్కి తిప్పి, సూది కింది గీత మీదే వస్తోందో లేదో చూసుకోండి. కుట్టయ్యాక అంచులను గాట్ల ముక్క వైపుకే మడిచి ఇస్త్రీ చేయాలి. రెండోవైపు మడిస్తే పొడుగు అంచుకు చోటు చాలక మళ్ళీ ముడతే.

అమెరికాలో ఇలాంటి పావు వృత్తాలతో కుట్టే పాతకాలపు బొంత నమూనా ఒకదానికి ‘తాగుబోతు దారి’ అని పేరు. నాలుగు ముక్కలు అటూ ఇటూ తిప్పి అమర్చి చూడండి, ఆ పేరెందుకో మీకే తెలుస్తుంది. మన దర్జీలకూ ఈ గాట్లు కొత్త కాదు. గుండ్రటి మెడ జాకెట్టు దొరికితే పట్టీ లోపలివైపు తిప్పి, ఎన్ని గాట్లున్నాయో లెక్కపెట్టండి.