వేడెక్కిన కారు ఎందుకు మొరాయిస్తుంది?

చాలా ఏళ్ళు తిరిగిన పాత అంబాసిడర్ కారు మండువేసవిలో టీకొట్టు దగ్గర ఆగిందనుకోండి. పావుగంట తర్వాత తాళం తిప్పితే ఇంజను గిరగిర తిరుగుతుంది గాని అందుకోదు. గంట గడిచాక ఏమీ ఎరగనట్టు బయలుదేరుతుంది! "బ్యాటరీ పోయింది, మార్చండి" అంటారు పక్కవారు. ఇంజను చురుగ్గానే తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించడం డబ్బు దండగ.

ఇంజను ఆగగానే దాన్ని చల్లబరిచే ఫ్యాను, నీళ్ళ పంపు కూడా ఆగిపోతాయి. లోపలి వేడి పక్కనే బిగించిన పెట్రోలు పంపుకు, కార్బురేటర్‌కు పాకుతుంది. పెట్రోలు అనేక ద్రవాల మిశ్రమం. వాటిలో తేలికైనవి సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడుకే మరగడం మొదలుపెడతాయి. పైగా పంపు పీల్చేటప్పుడు పీడనం తగ్గుతుంది కనుక మరుగుస్థానమూ తగ్గుతుంది. గొట్టంలో ఆవిరి బుడగలు చేరతాయి. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, లోపలి గాలి ఇమిడిపోతుంది. ఇక్కడా అంతే! పంపు ఎంత ఆడినా బుడగ నలుగుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. పెట్రోలు మాత్రం ముందుకు కదలదు. దీన్నే 'వేపర్ లాక్' అంటారు.

పరీక్ష సులువు. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగాలి. నీరు ఆవిరవుతూ పంపు వేడిని లాక్కుంటుంది. అప్పుడు కారు కదిలిందా, దొంగ దొరికినట్లే.

కదలక, పెట్రోలు వాసన గుప్పుమంటే కథ వేరు. కార్బురేటర్ గిన్నెలో మరిగిన పెట్రోలు పొంగి ఇంజనులోకి ఎక్కువగా కారిందన్నమాట. ఆ వాసనా లేకపోతే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. వేడికి తీగ నిరోధం పెరుగుతుందని మీరు చదివారు కదా! పాత కాయిల్‌లో బంధకపు పూత కూడా దెబ్బతిని నిప్పురవ్వ బలహీనమవుతుంది. ఆ రవ్వను పరీక్షించడం మెకానిక్ పని. పెట్రోలు ఆవిరి ఉన్నచోట అసలే కూడదు.