చద్దియన్నము: రైతులు గమనింపవలసిన జాగ్రత్తలు

నాట్లకాలమున రాత్రి మిగిలిన యన్నమును మరునాటి యుదయమున కూలివాండ్రకు చద్దిగా బెట్టుట వాడుక. బియ్యమునందుండు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవియొక్క బీజములు అన్నము ఉడికినను చావవు. అన్నము గంటలకొలది గోరువెచ్చగా నున్నచో నవి మొలచి, వృద్ధిచెంది, విషమును బుట్టించును. ఆ విషము మరల కాచినను పోదు. తిన్నవారికి 1 మొదలు 6 గంటలలో వాంతులగును.

కావున మిగిలిన యన్నమును కుండలో నుంచక, వెడల్పయిన పళ్లెరమున పలుచగా బరచి, 1 గంటలోపల చల్లార్చవలెను. రిఫ్రిజిరేటరు గలవారు అందుంచి, మరునాడు ఒక్కమారే పొగలు వచ్చునట్లు కాచి తినవలెను. లేనివారు చల్లారిన యన్నము మునుగునట్లు కాచి చల్లార్చిన నీటిని, పులిసిన మజ్జిగను బోసి మూతవేసి, ఉదయముననే వాడవలెను. పులుపు సూక్ష్మజీవుల వృద్ధిని తగ్గించును.

వాసన చెడలేదని నమ్మరాదు. ఉదయమున మిగిలినదానిని పారవేయవలెను. పిడికెడన్నమునకై యాశించి నాటునాటి పనిని, పనివారి యారోగ్యమును పోగొట్టుకొనరాదు.