పాట ఎవరిది?

నాటు వేసేటప్పుడు పాట పాడుతాం. బతుకమ్మ చుట్టూ పాట పాడుతాం. బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడూ పాట పాడుతాం. మేడ్చల్ వైపు అయినా, శామీర్‌పేట వైపు అయినా పాట లేని పల్లె లేదు. ఆ పాటల్లో చాలావాటిని కట్టింది ఆడవాళ్లే. కాని కట్టినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఎందుకని? ఎవరూ రాసి పెట్టలేదు.

పాట కట్టి, తనే పాడి, పేరు నిలుపుకున్న ఒక మనిషి గురించి చదువుదాం.

మేడ్చల్ దాటి నాగపూర్ రోడ్డు మీద పోతే తూప్రాన్ వస్తుంది. అక్కడ ఒక పేద దళిత కుటుంబంలో గుమ్మడి విఠల్‌రావు పుట్టారు. తల్లి పేరు లచ్చుమమ్మ. తండ్రి పేరు శేషయ్య. కష్టపడి చదువుకున్నారు. 1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగం కంటే ముందే పాట వచ్చింది. 1970ల మొదట్లో సినిమా దర్శకుడు బి. నర్సింగరావు ఆయనను ప్రోత్సహించారు. విఠల్‌రావు రిక్షా తొక్కే మనిషి మీద పాట రాశారు. తనే పాడారు. ఆయన మొదటి పాటల ఆల్బం పేరు 'గద్దర్'. గదర్ అంటే తిరుగుబాటు. ఇంగ్లీషువాళ్ల మీద పోరాడిన పార్టీ ఒకటి 1913లో ఆ పేరుతోనే పుట్టింది. జనం ఆల్బం పేరుతోనే పాటగాణ్ణి పిలిచారు. విఠల్‌రావు గద్దర్ అయ్యారు. 1984లో బ్యాంకు ఉద్యోగం వదిలేశారు.

భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జె. ఇదీ ఆయన వేషం. కూలి మీద పాడారు. ఆడపిల్ల పుట్టిందని ఏడ్చే ఇంటి మీద కూడా పాడారు. క్యాసెట్లు ఊరూరా తిరిగాయి. చదువు రానివాళ్లు కూడా విని నేర్చుకున్నారు.

ఆయన పేరుతో ముడిపడ్డ మూడు సినిమా పాటలను చూద్దాం.

ఒకటి. 'మా భూమి' సినిమా, 1979. ఇందులో గద్దర్ పాడిన పాట చాలా పేరు తెచ్చుకుంది. కాని ఆ పాట రాసింది గద్దర్ కాదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది.

రెండు. 'ఒరేయ్ రిక్షా' సినిమా, 1995. చెల్లెలి మీద అన్న పాడే పాట ఉంది. రాసింది గద్దర్. పాడింది వందేమాతరం శ్రీనివాస్. ఈ పాటకు గద్దర్‌కు నంది అవార్డు ఇచ్చారు. ఆయన తీసుకోలేదు.

మూడు. 'జై బోలో తెలంగాణ' సినిమా, 2011. ఇందులో గద్దర్ తనే రాసి, తనే పాడారు.

చూశారా? పాట ఒకటే. పనులు రెండు. రాయడం ఒక పని. పాడడం ఇంకో పని. ఒకరే రెండూ చేయవచ్చు. వేరువేరుగానూ చేయవచ్చు. రెండింటికీ పేరు ఉండాలి. రెండింటికీ హక్కు ఉంది.

చట్టం ఏం చెబుతుంది?

1957లో కాపీరైట్ చట్టం వచ్చింది. పాట రాసినవాళ్లకు బతికి ఉన్నంత కాలం దాని మీద హక్కు ఉంటుంది. వాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. పాడినవాళ్లకు తమ పాడుడు మీద 50 ఏళ్లు హక్కు ఉంటుంది. రిజిస్టరు చేయించకపోయినా హక్కు పోదు.

2012లో చట్టాన్ని మార్చారు. సినిమాకు పాట అమ్మినా, అది రేడియోలో, టీవీలో వచ్చినప్పుడు వచ్చే రాబడిలో రాసినవాళ్ల వాటా పోదు. ఆ వాటా వదులుకుంటున్నానని రాసిచ్చినా చెల్లదు. సినిమా హాలులో ఆడే ఆటకు మాత్రం ఇది వర్తించదు.

తాతముత్తాతల నాటి పాట అందరిదీ. కాని మీరు కొత్తగా కట్టిన పాట మీది. ఎవరైనా వచ్చి, "అక్కా, నీ పాట బాగుంది, రికార్డు చేస్తం, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంటే ఏం చేయాలి? ముందు కాగితం చదవాలి. మీ పేరు రాసినవారిగా ఉందా? పాడినవారిగా ఉందా? డబ్బు ఎంత? ఎప్పుడు ఇస్తారు? అర్థం కాకపోతే చదివించుకోవాలి. తర్వాతే సంతకం.

గద్దర్ చాలా ఏళ్లు అల్వాల్‌లో ఉన్నారు. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట పోయే దారిలోనే అల్వాల్. అక్కడ పేద పిల్లల కోసం మహాబోధి విద్యాలయం పెట్టారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. అయినా పాట ఆపలేదు. 2023 ఆగస్టు 6న చనిపోయారు. ఆ బడి ఆవరణలోనే ఆయన సమాధి ఉంది.

పాట గొంతులో ఉంటే గొంతుతోనే పోతుంది. కాగితం మీద ఉంటే మనుమరాలికి అందుతుంది.

మాట్లాడుకోండి
1. 'మా భూమి' పాట రాసింది ఎవరు? పాడింది ఎవరు?
2. మీ ఊళ్లో పాటలు కట్టే ముసలమ్మ ఎవరైనా ఉన్నారా? ఆమె పాటలు ఎవరికి వచ్చు?

చేయండి
ఆమె దగ్గర కూర్చోండి. ఒక పాట పాడించుకోండి. ఫోనులో రికార్డు చేయండి. విని, నోటుబుక్కులో రాయండి. కింద ఆమె పేరు, ఊరు, తేదీ రాయండి. రాసింది ఆమెకు చదివి వినిపించండి.