మంగళవారానికి రండి

రాజమహేంద్రవరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయావు. వెనకాల మీ చిన్నాడి కూనిరాగం ఒకటే వరసలో వినపడుతోంది. "ఆటిజం అన్నారు పెద్దమ్మా. ఒంగోలు ఖాళీ చేసి హైదరాబాదు వెళ్ళిపోదాం అంటున్నారాయన" అన్నావు. నాకు వెంటనే మాట రాలేదు. నీ గొంతులో పాతికేళ్ళ కిందటి నా గొంతు వినపడింది మరి. అందుకే తీరిగ్గా కూచుని రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

అన్నిటికంటే ముందు, ఇది నీవల్ల రాలేదు. ఈ మాట నాకు చెప్పినవాళ్ళు లేక చాలా ఏళ్ళు పాడైపోయాయి. మా అబ్బాయిని, అదే మీ అన్నయ్యను, చూపించినప్పుడు ఒక డాక్టరు నా వైపు తిరిగి "మీరు ఉద్యోగం చేస్తారా?" అని అడిగాడు. టీచర్నని చెప్పాను. ఇక ఆయనేమీ అనలేదు, నేనే అర్థం చేసుకున్నాను. ఆ రాత్రి రాజీనామా కాగితం రాశాను, మీ పెదనాన్న చించేశారు. తల్లి ప్రేమగా దగ్గరకు తీయకపోతే పిల్లలు ఇలా అవుతారన్న వాదం నా ఒక్కదానికే తగల్లేదని తర్వాత తెలిసింది. 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో ఈ పిల్లల గురించి మొదటిసారి వివరంగా రాసిన తర్వాత, కొన్ని దశాబ్దాలపాటు అక్కడ ఇలాంటి పిల్లల తల్లులెందరో ఆ నింద మోశారట. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అది తప్పని పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. టీకాల వల్ల వస్తుందన్న మాటా అంతే. దానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మీ అత్తగారు ఫోన్ చూపించబట్టే ఇలా అయ్యాడని అంటున్నారన్నావు కదా. ఫోన్ తగ్గించండి, మంచిదే. కానీ ఫోన్ తెచ్చిపెట్టిన జబ్బు కాదిది, అసలు జబ్బే కాదు. వాడి మెదడు అల్లికే వేరు. ఆవిడ మీద కోపం పెట్టుకోకు. రేపు నువ్వు వాడితో ఆసుపత్రిలో కూచున్నప్పుడు పెద్దపిల్లకు జడ వేసి స్కూలుకు పంపేది ఆవిడే.

ఇల్లు మారే సంగతి. మీ అన్నయ్యకు పదకొండో ఏడు వచ్చేదాకా ఎవరూ ఆటిజం అన్న పేరే ఎత్తలేదు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఆ పేరు లేదు. కాగితం మీద బుద్ధిమాంద్యం అని రాసిచ్చారు, ఆ కాగితం పట్టుకుని తిరిగాం. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, అందులో ఆటిజం పేరు మొదటే ఉంది. ఆ తర్వాత 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దీన్నీ చేర్చింది. మేం వాడి కోసం పరిగెత్తినప్పుడు ఊళ్ళో నిజంగానే ఏమీ లేదు. ఇప్పుడు అలా కాదు. ఒంగోల్లోనే కొంత ఉంది, కాకపోతే అది బోర్డు పెట్టుకుని పిలవదు. అడిగి కనుక్కోవాలి.

పెద్దాసుపత్రికి వెళ్ళి డీఈఐసీ ఎక్కడని అడుగు. జిల్లాకొక సత్వర గుర్తింపు, చికిత్స కేంద్రం ఉండాలని 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టారు. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను చూస్తారు, డబ్బు అడగరు. అక్కడ ఎవరెవరు ఏయే రోజుల్లో ఉంటారో మొదటి రోజే కాగితం మీద రాసుకో. స్పీచ్ థెరపిస్టు లేని రోజున వెళ్ళి తిరిగి రావడం పిల్లాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ తర్వాత భవిత కేంద్రం. మండలానికొకటి, ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటుంది. ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే టీచర్లుంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. మీ వాళ్ళు ప్రభుత్వ బడా అని ముఖం ముడుచుకోవచ్చు. నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో చెప్పినదాన్ని, అక్కడ మనసు పెట్టి పనిచేసేవాళ్ళెందరో చూశాను. వెళ్ళి ఒక గంట కూచుని చూడు, తర్వాత నిర్ణయించుకో.

సదరం సర్టిఫికెట్, అదే వైకల్య ధ్రువపత్రం, సంగతి వాయిదా వేయకు. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీయించు. "ముద్ర పడిపోతుందేమో" అన్నావు. ముద్ర కాదమ్మా, అది తాళంచెవి. వయసు చిన్నది కాబట్టి తాత్కాలికంగా ఇస్తారు, పెద్దయ్యాక మళ్ళీ చూస్తారు. అక్కడి డాక్టర్లు మార్కులు వేసేది మనవాళ్ళు తయారుచేసిన కొలతతోనే. సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ సంస్థ తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం కిందికి వస్తుంది. ఒక చిన్న పని చెయ్యి. కొత్త చోట చిన్నాడు బిగుసుకుని కదలకుండా కూచోవచ్చు, లేదా అరిచి గోల చేయవచ్చు. రెండూ ఇంట్లో వాడుండే తీరు కాదు. కాబట్టి తినేటప్పుడు, ఆడేటప్పుడు, పిలిస్తే పలకనప్పుడు తీసిన వీడియోలు ఫోన్లో పెట్టుకుని వెళ్ళు.

అల్లుడు పన్ను కట్టే ఉద్యోగి కాబట్టి పింఛను మీకు రాదు. పన్నులో పాత విధానం ఎంచుకుంటే 75,000 రూపాయల మినహాయింపు ఉంటుంది, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా తప్పకుండా చేయించు. ఏడాదికి లక్ష రూపాయల దాకా, ముందస్తు వైద్య పరీక్షలేమీ లేకుండా, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. మామూలు బీమా కంపెనీ వాళ్ళు మీ అన్నయ్యను చేర్చుకోం అన్న రోజు నేను వాళ్ళ మెట్ల మీద కూచుని ఏడ్చాను. నీకు ఆ మెట్లు ఎక్కే పని లేదు.

హైదరాబాదు వెళ్ళండి, కానీ కాపురానికి కాదు. బోయినపల్లి మనోవికాస్‌నగర్‌కు ఒకసారి పది రోజులు సెలవు పెట్టుకుని వెళ్ళండి. ఇందాక చెప్పిన జాతీయ సంస్థ ఉండేది అక్కడే, 1984లో పెట్టారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. పూర్తిగా పరీక్ష చేయించి, ఇంట్లో ఏం చేయాలో మీరిద్దరూ నేర్చుకుని రండి. చూడమ్మా, థెరపీ అంటే వారానికి మూడు సెషన్లు, ఒక్కొక్కటి ముప్పావుగంట. చిన్నాడు మేలుకుని ఉండేది రోజుకు పన్నెండు గంటలు. ఆ పన్నెండు గంటలూ ఎవరితో గడుస్తాయన్నదే అసలు విషయం. హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాట్లో, వాడూ నువ్వూ నాలుగు గోడలూ అయితే, అల్లుడు రాత్రి తొమ్మిదికి వస్తే, నువ్వు ఆరు నెలల్లో కూలబడతావు. ఒంగోల్లో వాడికి తాతయ్య ఉన్నాడు, పెరడుంది, పేరు పెట్టి పిలిచే వీధి ఉంది. వీటిని వదులుకునేంత గొప్ప సెషన్ ఏ ఊళ్ళోనూ లేదని నా నమ్మకం.

ప్రైవేటు సెంటరుకు కూడా వెళ్ళవలసి వస్తే నేను మోసపోయిన తీరు విను. మొదటి ఏడాది ఒకచోట ఆరు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు, తలుపు వేసేవారు, లోపల ఏం చేస్తున్నారో చూడనిచ్చేవారు కాదు. మీ అన్నయ్య ఆ వీధి మలుపు కనపడితేనే నా చెయ్యి కొరికేవాడు. వాడు చెప్పగలిగింది అంతే, నాకు అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది. తల్లిని లోపల కూచోనివ్వని చోట పిల్లాణ్ణి వదలకు. స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు ఎవరైనా రిహాబిలిటేషన్ కౌన్సిల్లో నమోదై ఉండాలి, ఆ నంబరు అడుగు. అడిగినందుకు చిన్నబుచ్చుకునేవాళ్ళతో మనకు పని లేదు. పూర్తిగా నయం చేస్తామన్నవాళ్ళ దగ్గర్నుంచి వెంటనే లేచి రా. ముఖ్యంగా మూలకణాల చికిత్స అని లక్షలు అడిగితే. ఆటిజానికి అది పనిచేస్తుందని రుజువు కాలేదు. వైద్య పరిశోధనా మండలి 2017లోనే ఇలాంటివాటిని ఆమోదం ఉన్న పరిశోధనలో తప్ప చేయకూడదని చెప్పింది. పొలం అమ్మి వెళ్ళొచ్చిన తండ్రిని నేను చూశాను.

నాకు దారి చూపింది డాక్టర్లకన్నా ఎక్కువగా బెంచీ మీద కూచున్న తల్లులు. థెరపీ గది బయట అందరూ ఎవరి పిల్లాణ్ణి వాళ్ళు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూచుంటారు. ఒకరోజు పక్కనున్నావిడ, ముస్లింల అమ్మాయి, బాక్సులోంచి ఉడికించిన చిలగడదుంప తీసి "మీవాడు తింటాడా? మావాడు మెత్తగా ఉంటేనే తింటాడు" అంది. మూడేళ్ళుగా తెల్లన్నం తప్ప ముట్టనివాడు ఆ రోజు చిలగడదుంప తిన్నాడు. అలా మేం ఐదు కుటుంబాలమయ్యాం. ఏ బడి చేర్చుకుంటుంది, ఏ పళ్ళ డాక్టరు ఓపికపడతాడు, ఏ ఆఫీసులో ఏ కిటికీ, అన్నీ ఆ బెంచీ మీదే తెలిశాయి. ఎవరింట్లోనైనా చావో పెళ్ళో అయితే మిగతావాళ్ళు పిల్లాణ్ణి చూసుకునేవారు. ఇప్పటికీ కలుస్తాం. పిల్లలకు 18 నిండాక చట్టబద్ధమైన సంరక్షకుల కోసం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలని చెప్పింది కూడా ఆ చిలగడదుంప తల్లే. నువ్వూ మొదటి మాట కలుపు. ఎదుటివాళ్ళు కూడా దానికోసమే కాచుకుని ఉంటారు.

బడి దగ్గర ఎక్కువగా బతిమాలకు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 చట్టం చెబుతోంది. అయితే ఆ చట్టం కాగితం మొదటి రోజే బల్ల మీద పెట్టకు. చిన్నాడికి ఏమిటి ఇష్టం, ఏ చప్పుడుకు భయపడతాడు, ఎలా ఊరుకుంటాడు, ఇవన్నీ ఒక పేజీలో రాసి క్లాసు టీచరుకు ఇవ్వు. టీచరుగా చెబుతున్నాను, నలభై మంది ఉన్న క్లాసులో భయపడేది ఆవిడ కూడా.

ఇంకొక సంగతి రాయాలి. చిన్నాడికి ఐదు నెలలుగా జుట్టు తీయించలేదనీ, షాపులో వాడు పడ్డ పాటు చూసి అందరూ నవ్వారనీ నువ్వు చెప్పి ఏడ్చావు. మీ అన్నయ్యకు ఏడేళ్ళప్పుడు అంతే. కత్తెర చప్పుడు చెవి దగ్గర వినపడితే ఒళ్ళంతా వణికేవాడు. నిద్రపోతుంటే నేనే ఎగుడుదిగుడుగా కత్తిరించేదాన్ని. మా వీధి చివర మంగలి షాపతను ఒకరోజు వాణ్ణి చూసి, మంగళవారం సెలవు కదా, ఇంటికొస్తానమ్మా అన్నాడు. వచ్చాడు, వట్టి చేతులతో. అరుగు మీద కూచుని టీ తాగి వెళ్ళిపోయాడు. రెండో మంగళవారం దువ్వెన తెచ్చి వాడి చేతికిచ్చాడు, వాడు ఆయన తల దువ్వాడు. మూడో మంగళవారం కత్తెర తెచ్చి, దూరంగా కూచుని, కొబ్బరి పీచు కత్తిరించాడు. ఆ చప్పుడు వాడికి అలవాటయ్యేదాకా మొత్తం ఏడు మంగళవారాలు పట్టింది. ఎనిమిదో వారం వాడే వెళ్ళి ఆయన ముందు కూచున్నాడు. ఆటిజం అన్న మాట ఆయన ఎన్నడూ వినలేదు. ఇప్పుడు వాడికి ముప్పై ఆరు. మందుల షాపుకు కాగితం కవర్లు అంటించి ఇస్తాడు, మాటలు తక్కువే. మంగళవారం పొద్దున్న మాత్రం ముందుగానే అరుగు మీద పీట వేసి పెడతాడు.

మీ ఒంగోల్లోనూ అలాంటి మనిషి ఉంటాడు. ఆటోవాడో, కిరాణాకొట్టు ఆయనో, ఇంకెవరో. నాకు పేరు తెలియదు కానీ వెతకడానికి ఉపాయం తెలుసు. చిన్నాణ్ణి రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో నడిపించు. నెల తిరిగేసరికి ఎవరో ఒకరు పలకరిస్తారు.

ఈలోగా సెలవులకు మీరిక్కడికి రండి. ఆదివారం రాత్రి రైలెక్కితే సోమవారం విశ్రాంతి, మంగళవారానికి ఆ మంగలి షాపాయన వస్తాడు. చెప్పి ఉంచాను, మొదటిరోజు వట్టి చేతులతోనే వస్తానన్నాడు. నాలుగు వారాలు ఉండేలా చూసుకో. వాడి దుప్పటీ, వాడు తినే ఆ ఒక్క రకం బిస్కట్టూ మర్చిపోకు, ఇక్కడ దొరకదేమో.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ