క్యాంపు కత్తికి ఏ ఉక్కు? మొదటిసారి కొనేవారికి

మారేడుమిల్లిలో బొంగు చికెన్ వండేచోట కాసేపు నిలబడి చూడండి. వెదురు నరకడానికి ఒక బరువైన కత్తి, ఉల్లిపాయలు తరగడానికి ఇంకొకటి ఉంటాయి. మనం భుజాన సంచీ వేసుకుని వెళ్ళేవాళ్ళం కాబట్టి రెండు పనులకూ ఒక్క కత్తే దిక్కు. అందుకే దాని ఉక్కును జాగ్రత్తగా ఎంచుకోవాలి.

మొదటిసారి కొనేవారు దాదాపు అందరూ ‘అన్నిటికన్నా గట్టి ఉక్కు ఏది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. మన కత్తి ఎక్కడికి వెళ్తుంది, ఏం కోస్తుంది, ఇంటికొచ్చాక దాన్ని ఎవరు తుడుస్తారు అన్నవి ముందు తేల్చుకుందాం. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

కావలసినవి

- కాగితం, పెన్ను
- చిన్న అయస్కాంతం (ఫ్రిజ్ తలుపుకు అంటించేది చాలు)
- చిన్న ఆకురాయి
- ఒకవైపు 400, ఇంకోవైపు 1000 గ్రిట్ ఉన్న సానరాయి
- పాత నూలు గుడ్డ, కొంచెం కొబ్బరినూనె

ఎలా ఎంచుకోవాలి?

1. చోటు రాసుకుందాం. విశాఖ, భీమిలి వైపు సముద్రపు ఒడ్డున గుడారం వేస్తే ఉప్పుగాలి ఉంటుంది. అరకులో వానాకాలమైతే రాత్రంతా తేమే. అనంతగిరి కొండల్లో ఎండాకాలం అయితే తుప్పు భయం తక్కువ. మీరు ఎక్కువగా వెళ్ళే చోటునే రాయండి. ఎప్పుడో ఒకసారి వెళ్దామనుకునే హిమాలయాల కోసం ఇప్పుడే కత్తి కొనకండి.

2. పనులు రాసుకుందాం. తాడు కోయడం, కూరగాయలు తరగడం, పుల్లలు చెక్కడం, ఎండు కర్ర చీల్చడం. చీల్చేటప్పుడు కత్తిని కర్ర మీద ఆనించి, దాని వీపు మీద ఇంకో కర్రతో కొడతాం. ఈ పని జాబితాలో ఉంటే దెబ్బ ఓర్చుకునే ఉక్కే కావాలి, లేకపోతే కొంత గట్టి ఉక్కుకు వెళ్ళవచ్చు. వెదురులో సిలికా ఉంటుంది కాబట్టి ఏ ఉక్కు అంచైనా దాని దగ్గర త్వరగా మొద్దుబారుతుంది. అది కత్తి తప్పు అనుకోకండి.

3. మూడు గుణాలను విడదీసి చూద్దాం. ఒకటి, పదును నిలవడం. రెండు, దెబ్బ తగిలినా అంచు పెచ్చులూడకపోవడం. మూడు, తుప్పు పట్టకపోవడం. ఈ మూడూ కలిసి పెరగవు. పదును బాగా నిలవాలని గట్టిదనం పెంచితే ఉక్కు పెళుసెక్కుతుంది. అడవిలో మొద్దుబారిన అంచును పది నిమిషాల్లో సానపట్టుకోవచ్చు, పెచ్చు ఊడిన అంచును మాత్రం అక్కడ బాగుచేయలేం. అందుకే క్యాంపు కత్తి విషయంలో నా ఓటు ఎప్పుడూ రెండో గుణానికే.

4. పేరు చదవడం నేర్చుకుందాం. 1095, 1075 లాంటి పేర్లలో చివరి రెండు అంకెలు కార్బన్ పాళ్ళు చెబుతాయి. 1095లో సుమారు 0.95 శాతం, 1075లో 0.75 శాతం. స్ప్రింగులకు వాడే 5160లో 0.60 శాతం దాకా కార్బన్, కొద్దిగా క్రోమియం ఉంటాయి. మంచి అంచు రావాలంటే సుమారు అర శాతం కార్బన్ అయినా కావాలి. క్రోమియం 12, 13 శాతానికి చేరితే స్టెయిన్‌లెస్ వైపు వచ్చినట్టు. 12సి27, 14సి28ఎన్, 8సిఆర్13ఎంఓవి ఈ కోవలోవి. ఈ రెండు అంకెలూ, అంటే కార్బన్, క్రోమియం, అర్థమైతే మొదటి కత్తికి చాలు. వెనేడియం, మాలిబ్డినం లెక్కలు తర్వాత చూసుకోవచ్చు.

5. ఇప్పుడు జట్టు ఎంచుకుందాం. కొంచెం నిదానంగా ఆలోచించాల్సిన మెట్టు ఇదే.

కార్బన్ ఉక్కు (1075, 1095, 5160) సానకు తేలిగ్గా లొంగుతుంది, చీల్చే పనికి ధైర్యంగా వాడుకోవచ్చు. ముఖ్యంగా 5160 దెబ్బలకు బాగా ఓరుస్తుంది. కానీ నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే చూస్తుండగానే మచ్చ పడుతుంది. చింతపండు, టమాటా, పచ్చి మామిడికాయ కూడా అంతే. కొన్నాళ్ళకు అలుగంతా బూడిద రంగుకు తిరుగుతుంది. భయపడకండి, అది కత్తిని కొంతవరకు కాపాడే పొర. ఎర్రటి పొడి రాలితే మాత్రం తుప్పే, వెంటనే తీసేయాలి.

స్టెయిన్‌లెస్‌లో మొదటిసారి కొనేవారికి నేను ధైర్యంగా చెప్పేవి 12సి27, 14సి28ఎన్. రెండూ స్వీడన్ ఉక్కులే. అంచు సన్నగా తేలుతుంది, మామూలు సానరాయికే లొంగుతాయి, తేమను తట్టుకుంటాయి. అలాగని తుప్పు అసలే పట్టదనుకోవద్దు. సముద్రపు నీటిలో తడిపి ఒరలో పెట్టేస్తే వీటికీ చుక్కలు పడతాయి.

తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: అలసిపోయి వచ్చిన రాత్రి కూడా నేను కత్తి తుడిచి, నూనె రాసి పడుకుంటానా? అవునంటే కార్బన్ తీసుకోండి. నమ్మకం లేకపోతే స్టెయిన్‌లెస్. సముద్రం పక్కన అయితే ఈ ప్రశ్న కూడా వద్దు, స్టెయిన్‌లెస్సే.

6. గట్టిదనం అంకె అడుగుదాం. దీన్ని రాక్‌వెల్ సి కొలతలో చెబుతారు. క్యాంపు కత్తికి 56 నుంచి 59 మధ్య ఉంటే చాలు. ఒకే ఉక్కును ఇద్దరు తయారీదారులు వేర్వేరుగా కాల్చి, చల్లార్చి రెండు రకాల కత్తులు చేయగలరు. కాబట్టి ఉక్కు పేరు చెప్పి గట్టిదనం చెప్పని కత్తి విషయంలో తొందరపడకండి.

7. చేతికొచ్చాక పరీక్షిద్దాం. ముందు అయస్కాంతం. మన స్టీలు గిన్నెల్లో చాలావాటికి అది అంటదు, పైగా ఆ రకం ఉక్కు కాల్చి ముంచినా గట్టిపడదు. కత్తికి కూడా అంటకపోతే అది గిన్నెల ఉక్కే, వెనక్కి ఇచ్చేయండి. అంటినంత మాత్రాన మంచిదని కాదు, మెత్తటి ఇనుముకూ అంటుతుంది. తర్వాత, అమ్మినవారు ఒప్పుకుంటేనే, పిడి దగ్గర అంచు మొదలయ్యే చోట ఆకురాయి మూలతో మెల్లగా ఒక్కసారి రాయండి. పొడి రాలేలా కొరికితే ఉక్కు మెత్తన. జారుతూ కొద్దిగా గీత పడితే మనకు కావలసిన గట్టిదనమే. గాజు మీద జారినట్టు జారితే బాగా గట్టి, కర్ర చీల్చడానికి వాడకండి.

8. వెళ్ళేముందు ఇంట్లోనే సానపడదాం. ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల వాలు ఉంచి, ముందు 400 వైపు, తర్వాత 1000 వైపు నూరుదాం. వాలు మారకుండా చూసుకోవడమే అసలు పని. మీ చేతికి సానపట్టడం కుదరని ఉక్కు ఎంత ఖరీదైనా మీకు పనికిరాదు.

తరచూ జరిగే పొరపాట్లు

డి2ను స్టెయిన్‌లెస్ అనుకోవడం. అందులో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా, చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. పదును బాగా నిలుస్తుంది కానీ దెబ్బలకు ఓర్వదు. నాతో వచ్చిన ఒక కుర్రాడు డి2 కత్తితో వెదురు కణుపు మీద కొట్టాడు. అంచులో బియ్యపు గింజంత పెచ్చు ఊడింది.

‘సర్జికల్ స్టీల్’ అన్న మాటకు పడిపోవడం. అది ఒక్క ఉక్కు పేరు కాదు. అసలు పేరు అడగండి.

‘డమాస్కస్’ అలలు చూసి కొనడం. పూర్వం పేరుపొందిన ఆ కత్తులకు దక్షిణాదిలో మూసల్లో కరిగించిన ఉక్కు వెళ్ళేది, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అందుకు ప్రసిద్ధి. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా రెండు ఉక్కులను పొరలుగా అతికినవి. ఆ రెండూ ఏవో చెప్పగలిగితేనే తీసుకోండి.

పాత లారీ కమాన్ పట్టీతో చేయించడం. పట్టీ ఉక్కు మంచిదే, కమ్మరి చేయి తిరిగినవాడైతే కత్తి చాలా బాగా కుదురుతుంది. కానీ ఏళ్ళ తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉండవచ్చు. వాడని ముక్క దొరుకుతుందేమో ముందు చూడండి.

తోలు ఒరలో దాచడం. ఒక వానాకాలం నా 1095 కత్తిని ఒరలోనే రెండు వారాలు ఉంచేశాను. తోలు తేమ పీల్చి, అలుగు మీద గుంటలు పడేలా తుప్పు పట్టించింది. దారిలో ఒర సరే, ఇంట్లో మాత్రం నూనె రాసి విడిగా పెట్టాలి.

చివరగా వేడి. కార్బన్ ఉక్కు కత్తిని గట్టిపరిచాక, పెళుసు తగ్గించడానికి సుమారు 200 డిగ్రీల దగ్గర మళ్ళీ కాస్తారు. దాన్ని నెగడులో నిప్పులు కదపడానికి వాడినా, నీళ్ళు చల్లని యంత్రపు సానచక్రానికి గట్టిగా నొక్కి పట్టినా, అంచు ఆ వేడిని దాటిపోతుంది. అంచు మీద నీలం రంగు తేలిందంటే అక్కడి ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ భాగమంతా అరగదీసి కింది ఉక్కు దాకా వెళ్తే తప్ప పదును నిలవదు.