సీసా వెనక్కి తిప్పి చూడండి

వీపు నిండా మొటిమలున్న కుర్రాడు మే నెల ఎండలోనూ ముదురు రంగు చొక్కానే తొడుక్కుంటాడు. జాకెట్టు వెనక మెడ ఎంత లోతుండాలో కొందరు అమ్మాయిలకు టైలరు కాదు, మొటిమలే తేల్చి చెబుతాయి. ఎలాగైనా త్వరగా వదిలించుకోవాలన్న ఆత్రంతో కొట్టుకి వెళితే చేతికొచ్చేది బాగా నురగొచ్చే, ఘుమఘుమలాడే బాడీవాషే. ఎంపిక అనేది ఆత్రం తగ్గాకే మొదలవుతుంది.

సీసా వెనక చూడాల్సింది రెండే: మందు పేరు, దాని శాతం. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రాల్లోకి దిగి, పేరుకున్న మృతకణాలను వదులు చేస్తుంది. నల్లచుక్కలకూ, గరుకు పొక్కులకూ 2 శాతం సరిపోతుంది. ఎర్రగా వాచి చీము పట్టేవాటికి బెంజాయిల్ పెరాక్సైడ్ మేలు. యాంటీబయాటిక్‌కు లొంగడం మానేసిన బ్యాక్టీరియాను కూడా అది చంపుతుంది. 10 శాతంది కొంటే రెట్టింపు వేగంగా తగ్గుతాయనుకోకండి; రెట్టింపయ్యేది మంటే. 5 శాతంతోనో, అంతకన్నా తక్కువతోనో మొదలుపెట్టండి. తువ్వాలు మాత్రం తెల్లది వాడండి. రంగుదైతే తెల్లటి మచ్చలు పడతాయి, ఎంత ఉతికినా పోవు.

అసలు కష్టం స్నానాలగదిలో ఉంది. రాసిన వెంటనే చెంబెడు నీళ్లు గుమ్మరించుకుంటే మందు కాస్తా తూములోకి పోతుంది. రెండు మూడు నిమిషాలు ఒంటిమీద ఉండనివ్వాలి. ఫోను లేకుండా, తడి ఒంటితో, ఊరికే నిలబడి ఉండటం ఈ రోజుల్లో చిన్న సాధనేమీ కాదు. పీచుతో బరబరా రుద్దితే పోతాయని మన ఇళ్లలో గట్టి నమ్మకం. రుద్దేకొద్దీ అవి రేగుతాయి. తలస్నానం ముందు చేసి వీపు ఆఖర్న కడుక్కోండి, తలనూనే కండిషనరూ వీపు మీద మిగిలిపోకుండా.

ఇక ఓపిక. తేడా కనబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలో విసుగొచ్చి సీసా మార్చేవాళ్లకు ఏది పనిచేసిందో, ఏది చేయలేదో ఎప్పటికీ తెలియదు. వ్యాయామమైనా, ఇంగ్లీషు నేర్చుకోవడమైనా వీళ్లు మూడో వారంలోనే వదిలేస్తుంటారని నా అనుమానం.

ఛాతీ మీదా భుజాల మీదా ఒకే సైజులో లేచి, దురద పెట్టే పొక్కులు అసలు మొటిమలే కాకపోవచ్చు. ఒక రకం ఫంగస్ వల్ల కూడా అలా వస్తాయి, దాని మందు వేరు. లోతుగా గడ్డలు కట్టి మచ్చలు పడుతుంటే బాడీవాష్‌తో కాలయాపన చేయకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. గర్భిణులైతే ఏది వాడే ముందైనా డాక్టర్ని అడగాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న క్రీముల ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్ సంగతీ దాచకండి. ఆ క్రీముల్లోనో, ఇంజెక్షన్‌లోనో ఉన్న స్టెరాయిడ్ వల్ల లేచిన మొటిమలైతే, ముందు దాని సంగతి డాక్టరు తేల్చాలి.